మునగ కొమ్మల పార్కు

శ్రీకాకుళంలో మా ఇంటి పక్కన ఒక గొయ్యి ఉండేది. ఇటుకలకని ఎవరో తవ్వి వదిలేస్తే, వీధంతా తెచ్చి అందులో చెత్త పోసేది. వానాకాలం నీళ్లు నిలిచి దోమలు లేచేవి. మా అమ్మాయికి మాటిమాటికీ చలిజ్వరం వచ్చి, ఇంట్లో ఉన్న రెండు బొంతలూ కప్పినా వణికేది.

అరవై ఏడో, అరవై ఎనిమిదో సంవత్సరం, సరిగ్గా గుర్తులేదు. వేసవిలో హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇస్త్రీ పంట్లాం, చేతిలో గొడుగు. గొయ్యి పూడ్పిస్తాను, మీరంతా మొక్కలు వేసి పార్కు చేసుకోండి, రోగాలు రావన్నాడు. వానల్లో వచ్చి చూస్తాడట. మేం పెంచకపోతే ఆ చోటు చెత్తబళ్లకు ఇచ్చేస్తాడట.

"మొక్కలు ఎవులిస్తారు బాబూ?" అని అడిగాను.

"మీరే తెచ్చుకోవాలమ్మా. ప్రజల పార్కు కదా."

ఆ మాటతో ప్రజలందరికీ ఇళ్లలో పనులు గుర్తొచ్చాయి.

అన్నట్టే గొయ్యి పూడ్పించాడు. ఊరికే దొరికేదీ, పాతితే బతికేదీ మునగ కొమ్మ. పైగా మునగచెట్టు ఇంటి ముందుంటే అరిష్టమని మావాళ్లకు భయం. మునక్కాడల పులుసంటే మాత్రం ఏ భయమూ లేదు. అందుకని ఎవరికి వారు, ఈ తెలివి తమ ఒక్కరికే వచ్చిందనుకుని, చీకటితో వెళ్లి తలో కొమ్మా పాతేశారు. నేనూ పాతాను. తెల్లారి చూస్తే పార్కంతా మునగే.

"ఏటి వొదినా, నువ్వూనా?" అంది ఎదురింటావిడ.

"ముందు నీది సూసుకో," అన్నాను.

అంట్లు కడిగిన నీళ్లు పోసి పెంచాం. చెత్త పడకుండా నేను కాపలా కాశాను. చేట పట్టుకుని ఎవరొచ్చినా, "ఒసే, నా కూతురి జొరం నువ్వు పడతావేటి?" అనేదాన్ని. చేట వెనక్కి తిరిగేది.

వానలకు కొమ్మలు ఏపుగా లేచాయి. వాటితోపాటే గొంగళిపురుగులు. మొదళ్లు కంబళి కప్పుకున్నట్టు నల్లగా అయిపోయాయి. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చి, మంచిగాలి ఎలా పీల్చాలో చూపిద్దామని చెట్టు కింద నిలబడ్డాడు. కాలర్లోంచి ఒకటి లోపలికి దిగింది. ఆయన నడివీధిలో చొక్కా విప్పి గంతులేస్తుంటే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

పొయ్యిలో బూడిద తెచ్చి ఆయన మెడకు రుద్దాను.

"ఇది పార్కా? అన్నీ కొట్టించేస్తాను. చెత్తబళ్లకే ఇచ్చేస్తాను," అన్నాడు.

మళ్లీ చెత్త, మళ్లీ మురుగు, మళ్లీ జ్వరం.

"కదలకు బాబూ, కళ్లల్లో పడతాది. రేపటికి పురుగుంటే అప్పుడు కొట్టించు. పురుగు లేకుండా సెట్టు మీద సెయ్యేస్తే, ఎక్కడినించైనా బుట్టెడు పురుగులు ఏరి మీ ఆపీసుకి తెస్తాను."

చుక్కచుక్కా దాచుకున్న కిరసనాయిలు ఆ సాయంత్రమే బయటికి తీశాను. కర్రలకు చుట్టడానికి పాతగుడ్డలు చాలలేదు. కాసేపు ఆలోచించి రెండో బొంత చింపేశాను. ఆ గుడ్డలు వెలిగించి ఆడవాళ్లమంతా మొదళ్లకు పట్టిన పురుగుల్ని కాల్చాం. అరిష్టమన్నవాళ్లే అందరికంటే ముందున్నారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. దూరంనుంచే చూసి, "సరే, ఉంచుకోండి," అని వెళ్లిపోయాడు.

కాయలు కాసినప్పుడు ఎదురింటావిడ, "ఆయనకి నాలుగు కాడలు పంపుదుమేటి?" అంది.

"ఆయన పాతిన కొమ్మేదే?" అన్నాను.

గాలి మారిందో, దోమలు తగ్గాయో, మునగాకు పప్పు పనిచేసిందో నాకు తెలియదు. ఆ ఏడు రెండో బొంత అవసరం రాలేదు.