కరెంటు తీసే ముందు

మా పక్కింటి చాచా మొన్న శుక్రవారం పొద్దున పోయారు. నమాజుకు లేచి చాప మీద కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. మా ఇంటికొస్తే "పది నిమిషాల్ల లేస్త బిడ్డా" అని ముందే చెప్పి కూర్చునే మనిషి. అమ్మ ఆలోగా చాయ్ పెట్టాలని ఆయన లెక్క. ఈసారి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది.

ఆయన బోధన్ రోడ్డులో సబ్‌స్టేషన్ ఆపరేటరు. లైను బాగు చేయాలంటే కరెంటు తీసేది ఆయనే. అదే లైను మీదున్న ఒక చిన్న చెరుకు ల్యాబులో నా ఉద్యోగం. కొత్త రకాల గడలను మోటారుతో నలిపి, రసంలో తీపి ఎంతో చూసి రాస్తాం. మధ్యలో మోటారు ఆగితే సగం నలిగిన గడ పనికిరాదు. ఆ రకం మళ్లీ కోతకు రావాలంటే ఏడాది ఆగాలి.

కరెంటు తీసే ముందు చాచా అందరికీ ఫోన్ చేసి, చేతిలో పని ముగించుకోవడానికి "ఎంతసేపు గావాలె?" అని అడిగేవారు. పిండి గిర్నీకి ఐదు నిమిషాలు, ప్రెస్సుకు పది. కొత్తలో నన్నడిగితే, పని రాదనుకుంటారేమోనని "పది చాలు చాచా" అన్నాను. పది కాగానే మోటారు ఆగింది. మూడు రకాల ఫలితాలు ఆ ఏడాదికి గల్లంతయ్యాయి. వాటిని నారు నుంచి పెంచిన మా ల్యాబు పెద్దాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు చాచా సెలవు పెట్టి సైకిలు మీద ల్యాబుకు వచ్చారు. తిడతారనుకున్నాను. స్టూలు లాక్కుని, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని, "నువ్వు పని జెయ్యి, నేను సూస్త" అన్నారు. గడ తుడవడం నుంచి అంకె రాసేదాకా చూశారు.

"ఇరవై రెండు అయినయి. ఇరవై ఐదు రాసుకుంటున్న. మనిషిని అడిగితే తక్వ జెప్తడు, పనినే అడగాలె."

"ముప్ఫై ఇయ్యరాదు చాచా?" అన్నాను ఆశగా.

"అవుతల లైన్‌మేన్ ఎండల నిలవడ్తడు బిడ్డా. ఇరవై ఐదు దాటినంక నువ్వు జవాబిచ్చినా ఇయ్యకున్నా తీసేస్త."

అన్నట్టే చేసేవారు. ఆ తర్వాత మేం ఒక్క రకమూ పోగొట్టుకోలేదు. ఆనాడు పోయిన మూడింటిలో ఒకటి మరుసటి ఏడు పరీక్షలో నెగ్గి, ఇప్పుడు బోధన్ చుట్టూ పొలాల్లో నిలువెత్తు పెరుగుతోంది.

నిన్న మధ్యాహ్నం ల్యాబులో ఫోన్ మోగింది. చాచా చోట చేరిన కొత్త ఆపరేటరు. "లైను తియ్యాలె అక్కా. మీకు ఇరవై ఐదు నిమిషాలని రాసుంది. షురూ జేసుకోండ్రి."

మోటారు వేశాను. గడ నలిపాను, రసం వడకట్టాను, చూశాను, రాశాను. ఫోన్ తీసి "అయింది, తీసెయ్యి తమ్ముడూ" అన్నాను.

"ఇంక నాలుగు నిమిషాలున్నయక్కా. ఒక్కపారి సూస్కోండ్రి."

చూసుకున్నాను. కళ్లనీళ్లలో ఒక రకం తీపిని ఇంకో రకం వరుసలో రాసేసి ఉన్నాను. కొట్టేసి సరైన చోట రాశాను. నాలుగు నిమిషాలూ నిండాక కరెంటు పోయింది. తలపైన ఫ్యాను నెమ్మదించి, రెక్కలు ఒక్కొక్కటే కనిపించసాగాయి.