సాయం చెయ్యని ఝాన్సీ దీదీ

మా ఝాన్సీలక్ష్మి దీదీ ఎవరికీ సాయం చెయ్యదు. పోర్ట్ బ్లెయర్ ఆస్టినాబాద్‌లో మాది ఆవిడ పక్కిల్లే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. మూత రాని పచ్చడి సీసా పట్టుకెళితే, చేతులు కట్టుకుని నిలబడి, "గుడ్డతో పట్టుకుని ఇంకోసారి తిప్పండి భయ్యా" అనేది. గుండీలు కుట్టుకోవడం వచ్చిన మొగుడు పోర్ట్ బ్లెయర్ మొత్తానికి తనొక్కడేనని వాళ్లాయన భూషణం చెప్పుకునేవాడు. అది గర్వమో, ఫిర్యాదో తెలిసేది కాదు.

ఆవిడ ఆక్యుపేషనల్ థెరపిస్టు. చేతులూ కాళ్లూ మాట వినని పిల్లలకు తినడం, తొడుక్కోవడం, ఆడుకోవడం అలవాటు చేసే ఉద్యోగం. ఈ మాట వినగానే మా ఆఫీసు సూపరింటెండెంటు విస్తుపోయాడు.

"ఎవరి పని వాళ్లు చేసుకోవడం నేర్పడానికి గవర్నమెంటు జీతమిస్తుందా? ఇక్కడ నా ఫైలు మొయ్యడానికి ప్యూన్ని ఇచ్చిందే!"

జెట్టీలో పనిచేసే గవరయ్య కూతురు చిన్నమ్మికి పుట్టుకతోనే వేళ్లకు పట్టు లేదు. నానమ్మ కాసులమ్మ ముద్దలు పెట్టేది, అత్త జడ వేసేది, గవరయ్య చెప్పులు తొడిగేవాడు. పిల్లకు మిగిలిన పని నమలడమొక్కటే. బడిలో చేర్చబోతే హెడ్మాస్టరు ససేమిరా అన్నాడు. "తనంతట తాను అన్నం తింటేనే తీసుకురండి. తినిపించడానికి ఇక్కడ ఎవరూ లేరు." అప్పుడాయన టీలో పంచదార కలుపుతున్నది అటెండరు.

గవరయ్య పిల్లను దీదీ దగ్గరికి తెచ్చాడు. దీదీ చెంచా కాడకు సైకిల్ ట్యూబు లావుగా చుట్టింది, కంచం జారకుండా కింద తడిగుడ్డ వేసింది, ఆపైన చేతులు కట్టుకుంది. మొదటి చెంచా గౌను మీద పడింది. రెండోది చెవి దాకా వెళ్లింది.

"అరే, దేఖో! పిల్ల ఆకలితో సత్తంటే సినిమా సూసినట్టు సూత్తన్నావేటి బేటీ?" అంది కాసులమ్మ.

"మామ్మా, మీ చెయ్యి పనిచేసినంతసేపూ దాని చేతికి సెలవే."

దీదీది రాతిగుండె అని కాసులమ్మ వీధంతా చాటింది. నేనూ కాదనలేదు.

కొన్ని నెలలకు బడిలో పరీక్ష పెట్టారు. మధ్యాహ్నం అన్నాలవేళ చిన్నమ్మిని పిల్లల వరసలో కూర్చోబెట్టారు. గవరయ్యకు తోడుగా దీదీ, నేనూ వెళ్లాం.

"మెతుకు కింద పడకూడదు," అన్నాడు హెడ్మాస్టరు.

"మీ చొక్కా మీద పప్పుంది సార్," అంది దీదీ.

ఇంతలో చిన్నమ్మి చేతిలోంచి చెంచా జారిపోయింది. అందరం ముందుకు వంగాం. "కోయీ నహీ! ఎవరూ తియ్యొద్దు!" అని దీదీ కసిరింది. నాకు ఒళ్లు మండి ఆవిడ వంక చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుని ఉంది. కళ్లనిండా నీళ్లు.

"చేతులెందుకలా పెట్టుకున్నారు దీదీ?"

"వదిలేస్తే వెళ్లి తినిపించేస్తాయి భయ్యా. వీటిని ఆపడానికే రోజూ నా ప్రాణం పోతోంది."

చిన్నమ్మి తంటాలుపడి చెంచా తీసుకుంది. అన్నం తింది. ఆపైన ఊరుకోక, పక్కపిల్ల డబ్బాలోని చేపముక్కను చెంచాతో లాగి నోట్లో వేసుకుంది. "చోర్!" అని అరుస్తూ ఆ పిల్ల చిన్నమ్మి కంచంలోని గుడ్డు ఎత్తుకుపోయింది. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు.

"రేపట్నుంచి వీళ్లిద్దర్నీ వేరే వేరే బెంచీల్లో కూర్చోబెట్టాలి," అని హెడ్మాస్టరు విసుక్కున్నాడు.

పిల్లను చేర్చుకున్నట్టేనని గవరయ్యకు అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది.