దాలయ్యకి జలుబు చేసిన సోమవారం

శృంగవరపుకోట అవతల కొండకింద శివాలయానికి కార్తీక సోమవారాల దండ కట్టే వంతు దాలయ్యది. పూలు తోటచామంతులు కావు. కొండవాలున ఎవరూ నీళ్ళు పోయకుండానే నడుమెత్తు పొదలు పెరిగి, పసుపుపచ్చగా విరగబూస్తాయే, ఆ కొండచామంతులు. ఆ ఊరి శివుడికి అవే కావాలి మరి! వంతుదారుకి చూపు తగ్గితే పురుగుపువ్వు దేవుడికెక్కుతుందని, వంతు దాయాదికి పోవాలి. అది కట్టుబాటు.

దాలయ్యకి చూపు పోయి రెండేళ్ళయింది. మనిషి ఒప్పుకుంటే కదా! ఆకు నలిపితే కర్పూరం వాసన గుప్పుమంటే అది కొండచామంతి. పక్కనే అదే ఎత్తున, అదే నూగాకుతో, వంగపువ్వు రంగు పూల పొద ఇంకోటుంది. దానికి వాసన లేదు. ముక్కున్నంత కాలం వంతుకి ఢోకా లేదని అతని ధీమా. పైగా బుట్ట కదిలేముందు పెళ్ళాం అమ్మడు ఓ కన్నేసేది.

పూజారి వేంకటాచలం పంతులు ఒట్టి వాగుడుకాయ అని దాలయ్య అభిప్రాయం. గుమ్మం దగ్గర అలికిడైతే చాలు, "మెట్టు తడిగా ఉంది దాలయ్యా, చూసుకో" అంటాడు. రెండేళ్ళుగా, మండుటెండలోనూ అదే మాట.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది కార్తీకంలో అమ్మడు కూతురి రెండో పురిటికి ఆమదాలవలస వెళ్ళింది. మూడో సోమవారానికి దాలయ్యకి జలుబు పట్టింది. పొద దగ్గర ఆకు నలిపాడు, ముక్కుకి రుద్దుకున్నాడు, ఆఖరికి నమిలాడు. చేదు తప్ప ఏమీ తెలియలేదు. "ఇదేలే" అని తనకు తనే సర్దిచెప్పుకుని, బుట్ట నింపి, దండ కట్టి, గుళ్ళో ఇచ్చాడు.

"ఏటన్నా ఇది! కొండసామంతి పచ్చగా కదా ఉంటాది? ఇది వంగపువ్వు రంగు!" అన్నాడు దాయాది గంగులు, గుడంతా వినేలా.

ఇంకేముంది, దాలయ్య వంతు పోయినట్టే. తాతలనాటి వంతు! అమ్మడికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

పంతులు మాత్రం తొణకలేదు. దండ తీసుకెళ్ళి లింగానికి వేశాడు.

"అడగాల్సినవాడు ఆయన గంగులూ, అడగలేదుగా" అన్నాడు. తర్వాత దాలయ్య దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "జలుబు చేసిందా?" అన్నాడు.

కళ్ళ సంగతి కాదు, జలుబు సంగతి అడిగాడు మహానుభావుడు! దాలయ్యకి ఏడుపొచ్చింది.

"సేసింది బాబూ."

"మిరియాల కషాయం తాగు. వచ్చే సోమవారం దండ ఆలస్యం చేయకు."

దాలయ్య దిగుతూ గుమ్మం దగ్గర ఆగి, ఒట్టి పాదంతో మెట్టంతా తడిమాడు. ఎక్కడా చుక్క తడి లేదు.