బళ్ళారి నుంచి రాని బండి

బతికి ఉన్న మొగుణ్ణి చచ్చిపోయాడని చెప్పిన ఆడదాన్ని నేను. ఈ ఒక్క మాటను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అన్నం తింటున్నాను, నవ్వుతున్నాను, పెళ్ళిళ్ళకు పోయి అక్షింతలు వేసి వస్తున్నాను. లోపల మాత్రం అది అలాగే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే మొదట ఆయనకే చెప్పి ఉండేదాన్ని కదా.

మాది ధర్మవరం దగ్గర. ఇంట్లో ఒక మగ్గం. పట్టు షావుకారుది, జరీ షావుకారుది, ఒళ్ళు మాత్రం మాది. చీర నేసి ఇస్తే కూలి. మా ఆయనకు అప్పట్లో ఒకటే ఆశ. ఒక మోటారుసైకిలు ఉంటే సొంతంగా నాలుగు చీరలు నేసుకుని, వెనక మూట కట్టుకుని, కదిరి, నల్లమాడ వైపు ఊళ్ళు తిరిగి తానే అమ్ముకోవచ్చని. బస్సులను నమ్ముకుని ఆ ఊళ్ళకు పోయి వచ్చేసరికి పొద్దు గూకుతుంది, మగ్గం పడుకుంటుంది. బండి ఉంటే షావుకారు గడప తొక్కే పని ఉండదు. ఆయన ఆలోచన సరైనదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆ రోజు ఒప్పుకోలేదు.

ఎందుకంటే నా తమ్ముడు బండి మీదే పోయాడు. పట్టపగలు, పెద్ద రోడ్డు మీద. వాడి చెప్పు ఒకటి నేనే ఏరుకొచ్చాను. అప్పటినుంచి వీధిలో బండి చప్పుడైతే చాలు, లేచిపోయి తలుపు వేసుకునేదాన్ని. ఆయనకు చెప్పాను. చెప్పలేదని కాదు. "నీ తమ్ముడు పోయినాడని లోకమంతా నడిచి పోవల్లనా?" అన్నాడు. ఆ మాట పడ్డాక మళ్ళీ నోరెత్తలేదు. ఎత్తి ఉంటే? పోట్లాడి, పొయ్యి వెలిగించకుండా మొండికేసి కూర్చుని ఉంటే? ఆ పని చేయడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. చేసిన పనికి మాత్రం ఏదీ అడ్డు రాలేదు.

ఫోన్లో పాతబండ్లు అమ్మే చోట ఆయనకు ఒక బండి నచ్చింది. బళ్ళారిలో ఒక పెద్దాయనది. చూపు సరిగా ఆనక, ఇక నడపలేక అమ్ముతున్నాడట. మా ఆయన ఆ ఫొటోను వీధిలో అందరికీ చూపించి కడాన నాకు చూపించాడు. అదీ మనసులో పెట్టుకున్నాను, దాచడం ఎందుకు. వాళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకునేవాళ్ళు. బేరం కుదిరాక కూడా మానలేదు. వానలు, మగ్గాలు, పిల్లల చదువులు, ఒకటేమిటి. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అడ్వాన్సు కూడా వద్దని, బండి చేరాక నడిపి చూసి, నచ్చితేనే ఇమ్మని ఆ పెద్దాయన అన్నాడట.

బళ్ళారిలో టమాటా దించి ఖాళీగా తిరిగొచ్చే మావైపు లారీ ఒకటి ఆ పెద్దాయనే అక్కడ మాట్లాడాడు. ఏ లారీయో మా ఆయనకు తెలియదు. సాయంత్రానికి హైవే మీద, మా ఊరి క్రాసు దగ్గర బండిని దించుతారు. లారీ ఎక్కించే ముందు ట్యాంకులో పెట్రోలంతా తీసేస్తారట. అందుకని దించుకునేవాళ్ళే పెట్రోలు పట్టుకుని పోవాలి. ఆ పొద్దున మా ఆయన ఖాళీ సీసా తీసుకుని బంకుకు పోయాడు. ఫోను ఛార్జింగులో పెట్టిపోయాడు.

అది మోగింది.

ఆ పెద్దాయనే. లారీ దగ్గరే ఉన్నానని, బండికి తాళ్ళు బిగిస్తున్నారని, మా ఆయనను పిలవమని అన్నాడు. ఎంత సంతోషంగా చెప్పాడో. ఇంట్లో లేడని చెప్పి పెట్టేయవచ్చు. బండి వద్దనుకున్నామని అనవచ్చు. అలా అంటే మళ్ళీ ఫోను చేసి ఎందుకని అడుగుతాడు, మా ఆయనకు తెలిసిపోతుంది. ఇక ఎవరూ తిరిగి అడగడానికి వీల్లేని మాట ఏది? అదే నా నోట్లోకి వచ్చింది. నోరు జారింది అనను. తెలిసే అన్నాను.

"ఆయన చనిపోయినాడయ్యా."

అవతల లారీవాళ్ళ అరుపులు వినబడుతున్నాయి.

"ఏమ్మా అట్లంటావు? నిన్న సాయంత్రం గుడా మాట్లాడినాడే నాతో."

"రాత్రి గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి పోయేలోపలే..."

"ఎంత పనాయె తల్లీ." ఏడ్చాడు. పక్కకు తిరిగి, బండి దించండప్పా అని ఎవరికో చెప్పాడు. మళ్ళీ వెంటనే వద్దు వద్దు ఉండండి అన్నాడు. "బండి పంపిస్తాను తల్లీ. దుడ్లేమొద్దు నాకు. అమ్ముకో, పిల్లోళ్ళకు అయితాది."

"వద్దయ్యా. దాన్ని చూస్తే తట్టుకోలేము."

"సరేలే తల్లీ. ఈపొద్దు ఆయన పేరున మా ఇంట్లో దీపం పెడతాను."

ఫోను పెట్టాక తాళి పైకి తీసి కళ్ళకద్దుకున్నాను. తలమీదుగా నీళ్ళు పోసుకుని మళ్ళీ కుంకుమ పెట్టుకున్నాను. నీళ్ళకు పోయే పాపమా అది? తడి జుట్టుతోనే కూర్చుని ఆ నంబరు తీసేశాను, వాళ్ళు రాసుకున్న మాటలన్నీ తుడిచేశాను, ఆ పెద్దాయన ఇక ఫోను చేసినా మోగకుండా చేశాను. ఇవన్నీ మా పాప ఆటలాడుతూ నాకు నేర్పినవే.

మా ఆయన సీసా నిండా పెట్రోలుతో వచ్చాడు. ఎవరన్నా ఫోను చేశారా అని అడిగాడు. లేదన్నాను. మొదటి అబద్ధం భయంతో ఆడాననుకుందాం. మరి ఈ రెండోది?

సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని క్రాసు దగ్గరికి పోయాడు. బళ్ళారి వైపు నుంచి వచ్చే ప్రతి లారీకీ సీసా పట్టుకుని లేచి నిలబడుతున్నాడని అటుగా వచ్చినవాళ్ళు చెప్పారు. వింటూ సంగటి కెలుకుతూనే ఉన్నాను. చీకటి పడ్డాక వచ్చాడు. మరుసటి రోజు కూడా పోయాడు. ఫోన్లో నంబరు లేదు. ఆ బండి ఫొటో కూడా అమ్మే చోట లేదు. అంత పెద్ద బళ్ళారిలో ఎక్కడని వెతుకుతాడు? ఫోను సంగతులు అంతగా తెలియవు కనుక, అన్నీ ఆ పెద్దాయనే తుడిచేశాడనుకున్నాడు. ఎక్కువిచ్చేవాడు దొరికి ఉంటాడని అన్నాడు, అంతే. ఒక్క తిట్టు తిట్టలేదు. పోయి మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత బండి ఊసే ఎత్తలేదు. ఇంకొకటి చూద్దామని ఎవరన్నా అంటే తల అడ్డంగా ఊపేవాడు. కానీ ఆ పెద్దాయన మా ఇంట్లో ఉండిపోయాడు. కూలి రేపు ఇస్తానని షావుకారు అంటే, ఇది బళ్ళారాయన మాటే అనేవాడు మా ఆయన. పిల్లలకూ అలవాటైంది. పరీక్ష బాగా రాశానని కొడుకు అంటే, బళ్ళారాయన మాట అని కూతురు ఎగతాళి చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. మాట మీద నిలబడ్డ మనిషి మా ఇంట్లో అబద్ధానికి పేరైపోయాడు. అబద్ధమాడిన మనిషి మాత్రం అందరికీ అన్నం వడ్డిస్తూ తిరిగేది.

ఇదంతా ఆయన ప్రాణం కోసమేనా అని నన్ను నేను అడుగుతుంటాను. భయం నిజమే, తమ్ముడు నిజమే. కానీ ఆయన బండెక్కి ఊళ్ళమీద గాలి పీల్చుకుంటూ తిరుగుతుంటే నేనొక్కదాన్నే ఆ గుంతలో కూర్చుని నేయాలా అన్న కడుపుమంట, నన్నొక మాట అడక్కుండా తన బతుకును మార్చేసుకుంటున్నాడన్న ఉక్రోషం, ఇవి కూడా లేవని ఏ దేవుడి ముందు ప్రమాణం చేయను? ఏది ఎంతో నాకే తెలియదు. ప్రాణాలతో ఉన్నాడు కదా అని సర్దిచెప్పుకున్న రోజులున్నాయి. ఉన్నాడు. షావుకారు గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడుతూ ఉన్నాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. బండి తెచ్చి ఎదుట పెట్టినా కిక్కు కొట్టలేడు.

మొన్న మా మరిది వచ్చాడు. ఫోన్లో చూసి పాతబండి కొనాలనుకుంటున్నానని, నమ్మవచ్చా అని అన్నను అడిగాడు. నేను వాకిట్లో కండెలకు పట్టు చుడుతున్నాను. ఇక బళ్ళారాయన కథ మొదలవుతుంది, అందరూ నవ్వుతారు, నేనూ పళ్ళికిలించాలి అనుకున్నాను. మా ఆయన నవ్వలేదు. మగ్గం ఆపాడు.

"తీసుకోరా. మంచోళ్ళు గుడా ఉంటారు. ఆ బళ్ళారాయన్ని ఇన్ని దినాలు ఊరికే ఆడిపోసుకుంటి. మాట తప్పే గొంతు కాదురా అది. పాపం, ఆ రాత్రే పోయింటాడు. లేకుంటే పంపిచ్చేవాడు."

అక్కడ ఆయన ఈయన పోయాడని ఏడ్చాడు. ఇక్కడ ఈయన ఆయన పోయాడని జాలిపడుతున్నాడు. ముఖం చూడని ఇద్దరు మనుషులు ఒకరి గురించి ఒకరు ఇంత మంచిగా అనుకుంటుంటే మధ్యలో నేను. పోలేదయ్యా, నేనే చెప్పినాను నువ్వు పోయినావని, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మరిది టీ అడిగాడు. లేచిపోయి పెట్టాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటా ఇవ్వను, ఇచ్చి తప్పితే అదొకటి. క్షమించమనీ అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కారు. ఆ పెద్దాయన ఇప్పుడు ఉన్నాడో లేదో కూడా నాకు తెలియదు.

ఆయన మాట తప్పలేదు. మా ఆయన ఆ రాత్రి చనిపోలేదు. ఈ రెండూ తెలిసిన మనిషిని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరూ ఉన్నారు.