ఆదోని బస్టాండులో చొక్కా గుండీలు

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బిందని పోయినేడాది మా ఆయనకు ఆపరేషన్ చేశారు. బరువులెత్తితే ప్రాణానికే ముప్పన్నారు. అందుకే ఆ రోజు ఆదోని బస్టాండులో బియ్యం మూట నేను నెత్తిన పెట్టుకున్నాను. ఆయన చేతులూపుకుంటూ పక్కన నడిచారు.

"ఆడమనిషితో మోయిస్తాండావే, సిగ్గు లేదా అప్పా?" అని ఒక పెద్దమనిషి అరిచాడు. ఈయన రోషంతో మూట లాక్కోబోయారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. మూట కింద పడేసి, ఈయన చొక్కా గుండీలు పీకి, రొమ్ము మీది కుట్ల మచ్చ చూపించాను.

"సూడప్పా! కండ్లు సల్లబడినాయా?"

పెద్దమనిషి జారుకున్నాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగాం. ఈయన అన్నారు: "వాడు నన్ను సోమరనుకున్యాడు, అనుకోనీ. నువ్వు అందరి ముందరా రోగిని సేసినావు గదే."

నాకిప్పటికీ ఇద్దరి మీదా కోపమే. మూట మాత్రం నేనే మోస్తున్నాను.