కుర్చీలు నింపే ఇంజనీరమ్మ

ఆ పేరు పెట్టింది మేనత్త. మెకానికల్ ఇంజనీరింగులో సీటు వచ్చిన రోజున ముద్దుగానే పెట్టింది. "మా ఇంజనీరమ్మ వస్తోందర్రా, దారివ్వండి!" అని గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినపడేలా కేకేసింది. చదువు పూర్తయి, ఉద్యోగం రాక, ఏడాది గిర్రున తిరిగేసరికి అదే పేరులో కారం కలిసింది. "ఇంజనీరమ్మగారు నిద్ర లేచారా? కుళాయి కారిపోతోంది, మీ చదువేమైనా అడ్డం పెట్టి ఆపుతారేమో చూడండి" అనేది. తల్లి పోయాక ఆ పిల్లను పెంచింది ఆవిడే. పెంచిన నోరు కనుక ఏమన్నా చెల్లింది.

తండ్రి లిఫ్టు మెకానిక్. బడి లేని రోజుల్లో కూతుర్ని వెంట తీసుకుపోయేవాడు. మేడల నెత్తిన ఉండే మోటారు గదిలో ఆయన పని చేస్తుంటే టార్చి పట్టుకోవడం ఆమె పని. లిఫ్టు తాడు చక్రానికి ముడేసి ఉండదనీ, చక్రం మీది గాడిలో రాపిడే అంత బరువునూ పట్టి ఉంచుతుందనీ తెలిసిన రోజున ఆ పిల్ల అన్నం కూడా సరిగా తినలేదు. "అయితే జారిపోదా నాన్నా?" అని పదిసార్లు అడిగింది. "లెక్క వేసి పెడతారే. లెక్క వేసేవాడు ఇంజనీరు" అన్నాడు. ఆ లెక్క తనే వెయ్యాలనుకుంది. అంతే, ఆమె జీవితంలో ఆశ అన్నది అక్కడే పుట్టింది. అంతకు మించి పెద్దదేమీ అవలేదు కూడా.

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మొదటి చోట ఒక పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"మా వర్క్‌షాపులో పనివాళ్ళు నోరు జారుతుంటారమ్మా. నువ్వు తట్టుకోగలవా?"

"మా అత్త చేతిలో పెరిగానండీ" అంది.

గదంతా నవ్వింది. నవ్వించినందుకు మెచ్చుకున్నారు, ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. రెండో చోట అనుభవం ఉందా అన్నారు. ఉద్యోగం ఇస్తే వస్తుందండీ అంది. "అదీ నిజమే" అని ఒప్పుకుని పంపించేశారు. మరో చోట, నీకు అన్నీ నేర్పాక పెళ్ళి చేసుకుని పోతావు, మా గతేమిటన్నారు. ఆమె డ్రాయింగులు చూసి గీసుకుని పాసైన క్లాసు కుర్రాణ్ణి అదే గదిలో, అదే పూట, "ఎప్పుడు చేరతావు?" అని అడిగారు. అతను బయటికొచ్చి ఆమె ముఖం చూడలేక చెప్పుల కోసం వెతుక్కున్నట్టు నటించాడు. వేసుకున్నవి బూట్లు.

చివరికి పంపులు తయారుచేసే ఒక కంపెనీ ఆమెను తీసుకుంది. డిజైన్ విభాగానికని వెళ్తే రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. "ముందు లోపలికి రామ్మా. డిజైన్‌లో ఖాళీ పడనీ, చూద్దాం" అన్నాడు పర్సనెల్ మేనేజరు. ఆయన నోటివెంట అవుననీ రాదు, కాదనీ రాదు. సెలవడిగినా చూద్దాం, ఫ్యాన్ తిరగట్లేదన్నా చూద్దాం. ఆఫీసంతా ఆయన్ని చూద్దాం సారు అనే పిలుస్తుంది, ఆయన చెవిన పడకుండా.

డిజైన్ గది పై అంతస్తులో, గాజు తలుపు వెనకాల ఉంది. రిసెప్షన్ బల్ల నుంచి చూస్తే మెట్లూ, ఆ తలుపు కింది సగమూ కనిపిస్తాయి. అటూ ఇటూ నడిచే కాళ్ళు కనిపిస్తాయి. ఏ కాళ్ళు ఎవరివో ఇంజనీరమ్మకు కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది.

ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడంతో పాటు ఆమెకు ఇంకో పని అప్పజెప్పారు. ఇంటర్వ్యూలకు మనుషుల్ని పిలవడం. ఆ పని లోగుట్టు చూద్దాం సారే నేర్పాడు, తలుపు దగ్గరగా వేసి, పిల్లకు పాఠం చెప్పినంత ఓపిగ్గా.

ఏ ఉద్యోగానికైనా కనీసం ఆరుగురిని చూశాకే ఒకరిని తీసుకోవాలని హెడ్డాఫీసు నిబంధన. న్యాయం జరగాలని పెట్టిందే. కానీ తీసుకోబోయేది ఎవరినో చాలాసార్లు ముందే తేలిపోయి ఉంటుంది. ఒకరి బావమరిది, ఒకరి స్నేహితుడి కొడుకు. అంచేత మిగతా అయిదు కుర్చీలూ నిండాలి.

"బాగా గట్టివాళ్ళని పిలవకు. మనవాడు తేలిపోతాడు" అన్నాడు సారు. "మరీ నాసిరకం వద్దు, ఆడిట్ వాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. మధ్యరకం చూడు. ఆ మధ్యరకంలో దూరం వాళ్ళని చూడు."

"దూరం ఎందుకు సార్?"

"దగ్గరివాళ్ళయితే రేపు మళ్ళీ వస్తారమ్మా, ఏమైందని అడుగుతారు. దూరం నుంచి వచ్చినవాడు ఇంటికి పోయి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు."

వాళ్ళని ఆఫీసులో కుర్చీలనే అనేవారు. "ఈసారి కుర్చీలు కుదిరాయా అమ్మా?" అని అడిగేవాడు సారు. ఇంటర్వ్యూ అంటే అర్హుల్ని వెతికే పరీక్ష అని చదువుకున్న వాళ్ళం అందరం నమ్ముతాం. చాలా చోట్ల అది ఎప్పుడో కుదిరిపోయిన బేరానికి సాక్షుల్ని పిలవడం. ఆ సాక్షులే సొంత ఖర్చులతో వచ్చి, ఇస్త్రీ చొక్కాల్లో చెమటోడ్చి, చేతులు కట్టుకుని, థాంక్యూ చెప్పి మరీ పోతారు.

ఇంజనీరమ్మ ఆ పని చేసింది. చేసిందనే చెప్పాలి, దాచి ప్రయోజనం లేదు. మొదటిసారి నంబరు నొక్కబోయి రెండుసార్లు ఫోన్ పెట్టేసింది. తర్వాత అలవాటైంది. కుర్చీలను ఫ్యాన్ కింద కూర్చోబెట్టేది. చల్లటి నీళ్ళు ఇచ్చేది. పోనీలే, వీళ్ళకూ అభ్యాసం అవుతుంది కదా అని సర్దిచెప్పుకునేది. రేపు తను పై అంతస్తుకు వెళ్ళిపోతే ఈ పాపం తన చేతులకు అంటుకోదు కదా అని కూడా అనుకునేది. ఉద్యోగం ఉన్నవాళ్ళలో ఇలా అనుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమనండి.

నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి వస్తూ ఆమె కొన్ని గుర్తులు పట్టింది. నిజంగా తీసుకోబోయే మనిషి వస్తే బల్ల మీద పంపు డ్రాయింగు పరుస్తారు. డిజైన్ హెడ్డు ముందుకు వంగుతాడు. ఎప్పుడు చేరగలరని అడుగుతారు. కుర్చీలకు డ్రాయింగు తియ్యరు. డిజైన్ హెడ్డు ఫోన్ చూసుకుంటాడు. చూద్దాం సారు పెన్ను మూత తియ్యడు. తీరిక వేళల్లో ఏం చేస్తారని అడుగుతారు.

ఇంతలో డిజైన్‌లో ఒకతను మానేశాడు. మెట్ల మీద ఆ కాళ్ళు కనిపించడం లేదని ఆమె అందరికంటే ముందే కనిపెట్టింది. వెంటనే చూద్దాం సారు గదిలోకి వెళ్ళి అప్లికేషన్ ఇచ్చింది.

"తప్పకుండానమ్మా. నీ పేరు నేనే వేస్తాను" అన్నాడాయన. చూద్దాం అనలేదు! ఆ ఒక్క మాట అననందుకు ఆమె ఆ రోజంతా గాలిలో తేలింది.

ఇంట్లో పాత పుస్తకాలు అటక దిగాయి. తండ్రికి మోకాళ్ళు పోయాయి, మేడలు ఎక్కలేక పని మానేశాడు. ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అర్థమైనా కాకపోయినా ప్రశ్నలు చదివి వినిపించాడు. కూతురు చెప్పే జవాబుకు తలూపి "కరెక్టేనా?" అని ఆమెనే అడిగేవాడు. మేనత్త అడక్కుండానే బట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. "మళ్ళీ ఆ నవ్వించే కబుర్లు చెప్పకు. మాట్లాడేటప్పుడు ముఖం కాస్త గంభీరంగా పెట్టు, నాలాగ" అంది.

"నీలాగ పెడితే వాళ్ళు లేచి పారిపోతారు అత్తా."

"పారిపోతే ఖాళీలు బోలెడు పడతాయి. ఇంకా మంచిది" అంది అత్త, మడత నలగకుండా చొక్కా తగిలిస్తూ.

ఈసారి మనుషుల్ని పిలిచే పని చూద్దాం సారు తనే చేసుకున్నాడు. తనూ అభ్యర్థే కనుక తనకు అప్పజెప్పకపోవడం న్యాయమే అనుకుంది ఇంజనీరమ్మ. పద్ధతిగా జరుగుతోందని సంతోషించింది కూడా.

ఆ రోజు రిసెప్షన్ బల్ల వదిలే వీల్లేకపోయింది. వచ్చినవాళ్ళని తనే కూర్చోబెట్టి, తనే పిలిచి, తన వంతు వచ్చేసరికి తన పేరు తనే పిలుచుకున్నట్టు లేచి లోపలికి వెళ్ళింది.

బల్ల ఖాళీగా ఉంది.

ఆమె కళ్ళు ముందు డ్రాయింగు కోసం వెతికాయి. తర్వాత పెన్ను కోసం. పెన్ను చూద్దాం సారు జేబులో ఉంది. ఆయన ఈసారి దాన్ని జేబులోంచి తియ్యను కూడా లేదు. డిజైన్ హెడ్డు ఫోన్ పక్కన పెట్టి చిరునవ్వు నవ్వాడు.

"ఊఁ, చెప్పమ్మా. తీరిగ్గా ఉన్నప్పుడు ఏం చేస్తుంటావు?"

ఒక్క క్షణం, ఏమీ తెలియనట్టే జవాబు చెప్పేద్దామనుకుంది. కుర్చీలన్నీ చెప్పినట్టే. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"డ్రాయింగు పెట్టలేదేంటి సార్?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీకు డ్రాయింగ్ ఎందుకమ్మా?" అన్నాడు చూద్దాం సారు, నొచ్చుకున్నట్టు. "నువ్వు మనింటి మనిషివి."

"ఒక్క ప్రశ్నైనా అడగండి సార్. రాకపోతే రాదని రాసుకోండి."

"టైం లేదమ్మా" అన్నాడు డిజైన్ హెడ్డు మెల్లగా. దుర్మార్గుడేమీ కాదాయన, గొంతులో ఇబ్బంది వినిపిస్తూనే ఉంది. "బయట ఇంకా ముగ్గురున్నారు."

"ఎవరు సార్ వచ్చేది?"

"చూద్దాం" అన్నాడు చూద్దాం సారు.

దూరం వాళ్ళని పిలవమనే మనిషి, కళ్ళెదుట కూర్చునే తనని ఎందుకు పిలిచాడో ఆమెకు తలుపు దాటుతుండగా అర్థమైంది. ఆ కింది బల్లకూ పై గదికీ మధ్య ఉన్నంత దూరం ఏ బస్సు మార్గంలోనూ ఉండదు. పైగా తను ఏమైందని అడగదని వాళ్ళ ధీమా.

బయట బెంచీ మీద ముగ్గురున్నారు. మెడకు బిగుసుకుపోయిన టైతో ఒక కుర్రాడు, ఏదో గొణుక్కుంటూ కళ్ళు మూసుకున్న మరొకడు, పాలు తాగే బిడ్డను మెట్ల కింద భర్తకు అప్పగించి వచ్చిన ఒక అమ్మాయి. బిడ్డ ఏడుపు వినపడినప్పుడల్లా ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది.

ఇంజనీరమ్మ వాళ్ళ ముందుకెళ్ళి నిలబడింది.

"వినండి. ఈ ఉద్యోగం ఇచ్చేశారు. ఎవరికో నాకు తెలియదు కానీ ఇచ్చేశారు. మిమ్మల్ని పిలిచింది లెక్క కోసం. వెళ్ళిపోండి, కనీసం మీ పూట మిగులుతుంది."

కళ్ళు మూసుకున్నవాడు తెరిచాడు. టై కుర్రాడు ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు.

"మేడమ్, ఇప్పుడు లోపలికి వెళ్ళొచ్చింది మీరే కదా? మీరూ క్యాండిడేటేగా?"

"అవును."

"భలేవారే! మమ్మల్ని పంపించేస్తే మీరొక్కరే మిగులుతారు. బాగుంది ఎత్తు."

"ఎత్తేం లేదు బాబూ. నేనూ మీలాగే ఒక కుర్చీని."

"కుర్చీ ఏంటి?" అన్నాడు రెండోవాడు. ఇన్నాళ్ళుగా ఆ కుర్చీలను ఏరి తెచ్చింది తనేనన్న సంగతి మాత్రం ఇంజనీరమ్మ బయటపెట్టలేదు.

బిడ్డ తల్లి మాత్రం ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "నిజమే అయ్యుంటుందక్కా. నాకూ ఇదివరకు రెండు చోట్ల అలాగే అనిపించింది" అంది. "కానీ ఇంటికెళ్ళి ఏం చెప్పను? లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చానంటే మా అత్తగారు ఊరుకుంటుందా? అడిగారు, చెప్పాను, రాలేదు అంటే అదొక మాట."

బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. తరువాతివాళ్ళని పంపమని. ఇంజనీరమ్మ కదల్లేదు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. చివరికి చూద్దాం సారే తలుపు తెరిచి తల బయటికి పెట్టాడు. బెంచీ వంకా, ఆమె వంకా చూశాడు. అంతా అర్థమైనట్టే ఉంది.

"నెక్స్ట్" అన్నాడు తనే.

బిడ్డ తల్లి లేచి, జుట్టు సవరించుకుని లోపలికి వెళ్ళింది. టై కుర్రాడు తన వంతు కోసం బెంచీ మీద ముందుకు జరిగాడు.

ఆమెను ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యలేదు. తీసినా బాగుండేది. "కోపంలో ఏదో అన్నావులే, నేను పట్టించుకోను" అని సాయంత్రం చూద్దాం సారు క్షమించేశాడు. ఆ క్షమ ఒంటికి జిగురులా అంటుకుంది, ఎంత కడిగినా వదల్లేదు. రాజీనామా చేద్దామనుకుంది. తండ్రి మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇంట్లో మేనత్త ఏమీ అడగలేదు. అన్నం పెట్టి, పేరు పెట్టి పిలవకుండా "తిను" అంది. ఆ రాత్రి ఇంజనీరమ్మ అని పిలవకపోవడమే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

కొత్త డిజైన్ ఇంజనీరు చేరాడు. హెడ్డాఫీసులో పెద్దాయన మేనల్లుడు; అతని ఇంటర్వ్యూ అక్కడే ముందే అయిపోయిందట. అతణ్ణి పైకి తీసుకెళ్ళి సీటు చూపించే పని రిసెప్షన్‌దే. మెట్లు ఎక్కుతుంటే ఆ కుర్రాడు వినయంగానే మాట్లాడాడు. చూడబోతే మంచివాడే. చెడ్డవాడైతే ఆమెకు సుఖంగా ఉండేది.

"మీరు ఇక్కడ చాలాకాలంగా ఉన్నారటగా మేడమ్. ఏం చదివారు?"

"మెకానికల్."

"అవునా! మరి డిజైన్‌కి అప్లై చెయ్యలేదా?"

"చేశానండీ. మీతోపాటే."

అతను ఒక మెట్టు మీద ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి అనాలని వెతుక్కుని, "ఇంటర్వ్యూ బాగా కష్టంగా ఉందాండీ?" అన్నాడు.

"తెలియదండీ. నన్నేమీ అడగలేదు" అంది ఇంజనీరమ్మ, గాజు తలుపు అతని కోసం తెరిచి పట్టుకుని.