షట్టర్ ఉంది, తిప్పే మనిషి లేడు

బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నేనూ మా మిత్రుడూ రోజూ పొద్దున ఏడున్నరకల్లా దేశ ఆర్థిక వ్యవస్థను చక్కదిద్దేవాళ్లం. నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఆయన వర్ని వైపు రైతు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. ట్రాక్టర్లున్నాయి, జేసీబీ ఉంది, చిన్నచిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడు. కాబట్టి ప్రభుత్వం ఖర్చు పెడితేనే దేశం బాగుపడుతుందని ఆయన నమ్మకం. ప్రభుత్వం చేయి బిగబట్టాలని నాది. నా నమ్మకంలో స్వార్థమేమీ లేదని అప్పట్లో గట్టిగా అనుకునేవాణ్ని.

"రోడ్డేస్తే కూలోడికి పనొస్తుందండీ మాస్టారూ. ఆ కూలోడు చొక్కా కొంటాడు. బట్టలకొట్టాయన ఇల్లు కట్టుకుంటాడు. డబ్బు అలా తిరగాలండీ" అనేవాడాయన, చెంచాతో టీ గ్లాసు మీద కొడుతూ.

"ఆ రోడ్డు అప్పు చేసి వేస్తారు. అప్పు మన మనవలు తీరుస్తారు" అనేవాణ్ని నేను.

"మరి మీ పెన్షనో?"

"అది హక్కు."

నాకు కోటగిరి వైపు ఒక పిల్ల కాలువ చివరన కాస్త భూమి ఉంది. దగ్గరి తండాకు చెందిన మొగుడూ పెళ్లాలు దాన్ని కౌలుకు చేసేవారు. వ్యవహారమంతా ఆమెదే. ఎరువు ఎప్పుడు చల్లాలో, కూలీలను ఎప్పుడు పిలవాలో ఆమే చూసుకునేది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడాదికి రెండుసార్లు వెళ్లి, గట్టు మీద నిలబడి, పచ్చగా ఉందని చెప్పి వచ్చేవాణ్ని.

ఆ పిల్ల కాలువ మొదట్లో ఒక షట్టర్ ఉంది. అది తెరిస్తేనే పెద్ద కాలువ నీళ్లు మా వైపు వస్తాయి. ప్రభుత్వం అభివృద్ధి మీద ఖర్చు పెట్టాలనుకున్న ఏడాది పాతది తీసేసి కొత్తది బిగించారు. నీలం రంగు వేశారు, శిలాఫలకం పెట్టారు. షామియానా కింద కొబ్బరికాయ కొట్టారు. సిమెంటు గద్దె మా మిత్రుడే కట్టాడు, బాగానే కట్టాడు. ఫలకం మీద చోటు చాలనన్ని పేర్లు చెక్కారు. షట్టర్ తిప్పే లష్కర్ పేరు మాత్రం అందులో లేదు.

లష్కర్ ఆ తండా పెద్దాయనే. భుజాన పార, చేతిలో షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్ పెట్టుకుని గట్టు వెంట నడిచేవాడు. ఎండ్రకాయల బొరియలు కనబడితే పూడ్చేవాడు. ఏ పొలానికి ఎప్పుడు తడి అందాలో ఆయనకు నోటికి వచ్చు. మరుసటి యాసంగి పంట మధ్యలో ఆయన రిటైరయ్యాడు. ఆ విడత తడి అయిపోయింది గనక షట్టర్ మూసి, ఇంటికి వెళ్లిపోయాడు. పొదుపు చర్యల్లో భాగంగా ఆ పోస్టు ఇక నింపరని వారం తిరక్కుండానే తెలిసింది. ఆ పొద్దున హోటల్లో నేను సమోసాలు కూడా తెప్పించాను.

"ఒక చక్రం తిప్పడానికి నెల జీతమా? ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది" అన్నాను.

ఆయన పక్షం షట్టర్ ఇచ్చింది. నా పక్షం దాన్ని తిప్పే మనిషిని తీసేసింది. ఇద్దరం గెలిచామనుకుని సమోసాలు తిన్నాం.

మళ్లీ పెద్ద కాలువకు నీళ్లు వదిలిన రోజు నా కౌలుదారు ఆటో దిగి నేరుగా హోటల్‌కే వచ్చింది. మేం వాదన మంచి పాకాన ఉన్నాం. ఆమె గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసి, ఇక లాభం లేదని పిలిచింది.

"సారూ, పెద్ద కాలువల నీళ్లు పోతున్నయ్. మన దిక్కు సుక్క రాలే. షట్టర్ మూసే ఉన్నది. వరి పొట్టకొచ్చింది సారూ, గీ తడి అందకుంటే అంత తాలే అయితది."

ముగ్గురం వెళ్లి చూశాం. నీలం రంగు ఇంకా నిగనిగలాడుతోంది. హ్యాండిల్ ఉండాల్సిన చోట మొండి ఇనుప కడ్డీ ఉంది. మిత్రుడు పానా పెట్టి తిప్పాడు, అది జారి వేలికి దెబ్బ తగిలింది. పైన ఉన్న రైతులకు ఈ బాధ లేదు. కొందరికి బోర్లున్నాయి, కొందరు పెద్ద కాలువలోనే మోటార్లు వేసుకున్నారు. కాలువ చివర ఉన్నది మా పొలమే.

"జేసీబీతో లేపేద్దామండీ" అన్నాడు మిత్రుడు.

"ప్రభుత్వ ఆస్తి" అన్నాను.

"సారూ, తాతను అడుగుదమా? గాయిన ఇంటికాడనే ఉంటడు" అంది ఆమె.

"రిటైరైన మనిషికి దీంతో ఏం సంబంధమమ్మా? దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది. నేను ఆఫీసులో మాట్లాడతాను" అన్నాను. ఆ గొంతు క్లాసులో వెనక బెంచీల వాళ్లతో మాట్లాడే గొంతు.

రెండు రోజులు కాలువల ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేశాడు. షట్టర్ రిజిస్టర్లో ఉందట. హ్యాండిల్ కూడా ఉందట, లష్కర్ దగ్గర. లష్కర్ ఎవరంటే ఆ పోస్టే లేదట.

"మరి షట్టర్ ఎవరు తెరవాలి బాబూ?"

"అర్జీ పెట్టుండ్రి సార్, పైకి పంపుతం. ఇప్పుడు ఖర్చులు తగ్గిస్తున్నరు గదా."

ఆ మాట నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. అర్జీ రాశాను. భాష బాగుందని గుమాస్తా మెచ్చుకున్నాడు కూడా.

నాలుగో రోజు ఆమె మళ్లీ వచ్చింది. మడిలోంచి పీకిన వరి దుబ్బు ఒకటి టీ బల్ల మీద పెట్టింది. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. మా మిత్రుడు బండి తీశాడు. ముగ్గురం తండాకు వెళ్లాం.

పెద్దాయన ఇంట్లోకి వెళ్లి, గుడ్డలో చుట్టిన హ్యాండిల్ తెచ్చాడు. దానికి నూనె పూసి ఉంది. "ఛార్జి తీస్కునేటోడు రాలే సారూ. నేనే ఆఫీసుకు మూడుసార్లు పోయిన. పోస్టు లేదు, ఎవలకియ్యమంటం అన్నరు. ఇగ పారేస్తనా? దాచిపెట్టిన" అన్నాడు.

అయితే సంతకం లేకుండా ఇవ్వనన్నాడు. ఆయన ఉద్యోగమంతా అలాగే గడిచింది. నేను నోటుబుక్కు కాగితం మీద 'ఒక హ్యాండిల్ ముట్టినది' అని రాసి సంతకం పెట్టాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మా వెంట బయలుదేరాడు.

"ఎనిమిది సుట్లు తిప్పాలె. తొమ్మిదోది తిప్పితే కింద కట్ట తెగుతది" అని చెబుతూ ఒక్కడే తిప్పాడు. నీళ్లు మా వైపు మళ్లాయి. ఆమె ఆ నీళ్లతో పాటే గట్టు వెంట పరుగెత్తింది.

మర్నాడు సాయంత్రం పెద్ద కాలువకు నీళ్లు బంద్ చేశారు. మా పొలంలో పై సగం తడిసింది. కింది సగం తడవలేదు. కోతల నాటికి ఆ సగంలో కంకులు నిటారుగా నిలబడ్డాయి, వంగడానికి వాటిలో గింజ లేదు. గట్టు మీద నిలబడి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి పచ్చగా ఉందని చెప్పే అవకాశం కూడా లేదు.

హ్యాండిల్ ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక మేకుకు ఉంది. అర్జీకి జవాబు రాలేదు. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో నేనే వెళ్లి ఎనిమిది చుట్లు తిప్పుతున్నాను, జీతం లేకుండా. "మీ సిద్ధాంతం గెలిచిందండీ మాస్టారూ" అంటాడు మిత్రుడు. ఆయన మాత్రం ఆ షట్టర్ పక్కన ఒక విశ్రాంతి గది కట్టాలని అర్జీ పెట్టాడు.

వానాకాలం నాట్ల ముందు ఆమె ఇంటికి వచ్చింది. నా భార్య ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి చెప్పింది.

"ఈసారి మేం మీ భూమి చెయ్యం సారూ. బోరున్న కాడ వేరే భూమి చూసుకున్నం."

పచ్చి నిజం చెప్పాలంటే, ఆమె లేకుండా ఆ పొలంలో ఏం చేయాలో నాకు తెలియదు. చేయి బిగబట్టాలని జీవితమంతా వాదించినవాణ్ని, గబగబా ప్రోత్సాహకం ప్రకటించాను. కౌలు సగం తగ్గిస్తానన్నాను. ఎరువుల ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ఆగలేక, బోరు కూడా వేయిస్తానన్నాను.

ఆమె వింటూ కొంగు సర్దుకుంది. ఆ మొహంలో కోపమేమీ లేదు.

"గివన్ని ఎందుకు సారూ? నేను చెప్పిన్నాడే తాత కాడికి వస్తే అయిపోతుండె" అంది.